పెద్దమ్మను అడగండి: పండగ మర్నాటి ఉత్తరాలు

క్రిస్మస్ గురించి అందరూ రాస్తారు, డిసెంబరు 26 గురించి రాయండి అని కిందటి సంచికలో అడిగాను. ఒంగోలు, నెల్లూరు వైపుల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. పండగ నాడు మింగుకున్న మాటలన్నీ మర్నాడు కాగితం మీదకు వస్తాయని వీటిని చదివితే తెలిసింది. నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. అరిసెల పాకం ముదిరిపోతే ఏం చేయాలని అడిగినవారికి విడిగా రాస్తాను. అది ప్రార్థనతో బాగయ్యేది కాదు.

ప్రశ్న: పెద్దమ్మగారూ, నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మద్దిపాడు దగ్గర పల్లెటూరు మాది. 1878లో గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నవారిలో మా తాతగారి తాత ఒకరని ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటాం. సంఘంలో నేను డీకన్‌ని, అంటే పరిచారకుణ్ణి. ఒక్కగానొక్క కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. 24 రాత్రి వచ్చాడు. 25 ఉదయం ఆరాధనకు బయలుదేరమంటే "నేను రాను నాన్నా. నాకు ఆ నమ్మకం లేదు. ఉన్నట్టు నటించలేను" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. చర్చిలో అందరూ అబ్బాయి ఏడని అడిగితే జ్వరమని చెప్పాను. మధ్యాహ్నం బంధువులకు వాడే వడ్డించాడు. సాయంత్రం వాళ్ల అమ్మ సర్దిచ్చిన పళ్లేలు పట్టుకుని ఊళ్లో పంచి వచ్చాడు. ఏమీ జరగనట్టే ఉన్నాడు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 26 ఉదయం నేను గదిలోంచి బయటకు రాలేదు. వాడు తలుపు దగ్గర నిలబడి "వెళ్లొస్తాను" అని, ఒంగోలు పోయి రైలెక్కాడు. అప్పటి నుంచి నా భార్య నాతో మాట్లాడటం లేదు. నేను డీకన్ పదవి వదులుకోవాలా? వాడితో తెగతెంపులు చేసుకోవాలా?
— ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీకూ నాకూ వయసులో రెండు మూడేళ్లకు మించి తేడా ఉండదు. అయినా పెద్దమ్మ అన్నారు కాబట్టి పెద్దమ్మలాగే మాట్లాడతాను.

పదవి వదలకండి. కొడుకు చర్చికి రాలేదని తండ్రులు రాజీనామా చేయడం మొదలుపెడితే ఈ జిల్లాలో కానుకల సంచి పట్టుకునేందుకు మనిషి మిగలడు. ఇక ఆ జ్వరం సంగతి. క్రిస్మస్ రోజున, చర్చి గుమ్మంలో నిలబడి మీరు అబద్ధం చెప్పారు. మీ అబ్బాయి నిజం చెప్పాడు. నిజం చెప్పినవాడి ముఖం మీద తలుపు వేశారు. నటించలేననడం వాడు హైదరాబాదులో నేర్చుకున్నాడని మీకు అనుమానంగా ఉన్నట్టుంది. మీ ఇంట్లోనే నేర్చుకున్నాడని నా అనుమానం. చెడిపోయిన పిల్లలు చర్చి మానరండీ. వస్తారు, వెనక బల్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటారు, బయట మోటారు సైకిళ్ల దగ్గర నిలబడతారు. నేను ఆడవాళ్ల వైపు చాపల మీద కూర్చుని ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను.

మీ తాతగారి తాత పేరెత్తారు కనుక ఆయన దగ్గరికే వెళ్దాం. హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, చరిత్ర ఎత్తితే ఆగను, కాస్త ఓర్చుకోండి.

1876లో వానలు పోయాయి. 1878 దాకా కరువు. జనం ఆకలితో, కలరాతో రాలిపోయారు. ఒంగోలులో అప్పుడు క్లౌ దొర ఉన్నాడు. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని నేర్చుకున్న మనిషి. ఆ నేర్పు పనికొచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు నాలుగు మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, చుట్టుపక్కల పల్లెల జనానికి కూలి చూపించాడు. వేలమంది ఆ గట్టు మీద మట్టి మోసి బతికారు. పొద్దుగూకాక తెలుగు బోధకులు వాళ్ల మధ్య కూర్చుని మాట్లాడేవారు. మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడిగినవాళ్లకు లెక్క లేదు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చినవారెవరో, నమ్మి వచ్చినవారెవరో తేలేదాకా ఆగాడు. చివరకు "సాయం సొమ్ము అయిపోయింది, ఇవ్వడానికి ఇక ఏమీ లేదు" అని చెప్పినా జనం కదల్లేదట. పని చేసిన చేతులు, చూడండి అని అరచేతుల్లో బొబ్బలు చూపించి, మాకు సొమ్ము వద్దన్నారని ఆయన జ్ఞాపకాల్లో ఉంది. అప్పుడు మొదలయ్యాయి వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మాలు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు.

మీ తాతగారి తాత ఆ వరసలో నిలబడ్డ మనిషి. కడుపు కాలుతున్నవాడి నమ్మకాన్ని కూడా వెంటనే ఒప్పుకోకుండా ఆగి చూసిన సంఘం మీది. నాన్న అలిగి గదిలో కూర్చున్నాడని, అమ్మ కళ్లు తుడుచుకుంటోందని పుట్టుకొచ్చే నమ్మకం అక్కడ చెల్లుతుందా? వాడు మీ మాట విని కొత్త చొక్కా వేసుకుని మొదటి వరసలో కూర్చుని ఉంటే మీ పరువు నిలిచేది. అంతకు మించి జరిగేదేమీ లేదు.

ఇప్పుడు ఆ పళ్లేల దగ్గరికి రండి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేశారు, నాకు మాత్రం అక్కడే చూపు ఆగింది. మన బాప్తిస్టు సంఘాల్లో పునీతుల రోజులు పాటించే అలవాటు లేదు. కేథలిక్కులూ లూథరన్లూ 26ను స్తెఫను రోజుగా పాటిస్తారు. స్తెఫను మన అందరికీ నమ్మకం కోసం రాళ్ల దెబ్బలతో చనిపోయిన మొదటి హతసాక్షిగానే తెలుసు. దానికి ముందు ఆయన చేసిన పని ఏమిటి? అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీయండి. రోజూ అన్నం పంచే చోట మా విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు గొడవపెట్టారు. వడ్డన సరిగా చూడటానికి ఏడుగురిని ఎంచారు. ఆ ఏడుగురిలో మొదటి పేరు స్తెఫనుది. మీ డీకన్ పదవికి మూలమని సంఘాల్లో చెప్పుకునేది కూడా ఆ ఏడుగురినే. అంటే 25 సాయంత్రం మీ ఇంట్లో మీరు గోడకు ఆనుకుని కూర్చుంటే, మీ పని మీ అబ్బాయి చేశాడు.

ఒకసారి మీ ఇంటావిడను అడగండి, వాడు ఏ ఇళ్లకు వెళ్లాడో. పళ్లెంలో కాగితం పరిచి, నూనె ఇంకా ఓడుతున్న అరిసెలు రెండు, కజ్జికాయలు, గుప్పెడు జంతికలు పెట్టి, పైన చేతిరుమాలు కప్పి మన వాళ్లు పంపిస్తారు. ఆ పళ్లెం ఎవరూ ఖాళీగా తిరిగి ఇవ్వరు. కాసిన్ని చిక్కుళ్లో, పిడికెడు పంచదారో వేసి ఇస్తారు. నమ్మకం లేనివాడు ఇంటికి ఏ పళ్లెంలో ఏం తెచ్చాడో మీరు చూడలేదు. ఆవిడ చూసింది. ఆవిడ మాట్లాడకపోవడానికి కారణం వేరే వెతకక్కర్లేదు. మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబడి, ప్రయాణం నాడు తెల్లవారుజామునే లేచి కొడుక్కి డబ్బా కట్టి, తండ్రికీ కొడుక్కీ మధ్య మూసిన తలుపు చూస్తే ఏ తల్లి నోరు తెరుస్తుంది?

తెగతెంపుల మాట. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు స్థానిక విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి ఈ ప్రాంతానికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. మనం ప్రార్థన కొండ అంటున్నది దాన్నే. ఆ మనిషి, పైన చెప్పిన క్లౌ దొరే, ఒంగోలు చేరింది 1866లో. వాళ్లు పన్నెండేళ్లు ఆగారు. మీరు ఒక్క రాత్రి ఆగారు.

కాబట్టి ఫోను చేయండి. చేరావా, తిన్నావా అని అడగండి. వాడు తడబడితే వాళ్ల అమ్మ కట్టిన డబ్బాలో ఏముందో అడగండి, మాట దానంతట అదే నడుస్తుంది. నమ్మకం ఊసు మీరు ఎత్తవద్దు. వాడు ఎత్తితే వినండి. ఫోనులో వాక్యాలు పంపించవద్దు, పాస్టరుగారి చేత మాట్లాడించవద్దు. ప్రార్థన మానమని నేను అనను, బాగా చేయండి, వాడికి వినబడేలా మాత్రం చేయకండి. వచ్చే ఆదివారం ఎవరైనా అబ్బాయి జ్వరం తగ్గిందా అని అడుగుతారు. అప్పుడు ఏం చెప్పాలో మీకు తెలుసు.

ప్రశ్న: మాది నెల్లూరు. క్రైస్తవ ఇంట్లో పుట్టి హిందువుల ఇంటికి కోడలినయ్యాను. అత్తయ్య నన్ను బాగా చూస్తారు. డిసెంబరు రాగానే బాల్కనీలో నక్షత్రం కట్టుకోనిస్తారు. ఈసారి 26 తెల్లవారుజామున వాకిట్లో ధనుర్మాసం ముగ్గు వేస్తూ, తల పైకెత్తి "పండగ అయిపోయిందిగా, ఇక తీసేస్తావా?" అన్నారు. జనవరి 6 దాకా ఉంచాలని మా అమ్మ అంటుంది. అత్తయ్య మాటకు రోజంతా ఏడుపొచ్చింది. తీసేయనా, ఉంచనా?
— కోడలు

జవాబు: అమ్మా, ఆవిడ అడిగింది ప్రశ్న. నువ్వు దాన్ని తీర్పుగా విన్నావు. ఎప్పుడు తీస్తారో ఆవిడకు ఎలా తెలుస్తుంది? చెప్పావా ఎప్పుడైనా?

మీ అమ్మ చెప్పిన తేదీ ఊరికే పుట్టలేదు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రం చూసుకుంటూ వచ్చి బాలుణ్ణి చేరిన సంగతిని జనవరి 6న తలుచుకుంటారు. తప్పకుండా అప్పటిదాకా ఉంచాలన్న శాసనం ఏదీ లేదు, మన ఇళ్లలో కొందరు కొత్త సంవత్సరానికే దించేస్తారు. అయినా నువ్వు అత్తయ్య దగ్గర కూర్చుని ఈ కథ చెప్పు. దారి చూపేది జ్ఞానులు రాకముందే దించితే వాళ్లు ఎక్కడికి పోతారని అడుగు. నెలంతా తెల్లవారకముందే లేచి గొబ్బెమ్మలు పెట్టే మనిషికి, సంక్రాంతికి ముందు మధ్యలో ఆపడం ఎలా ఉంటుందో నువ్వు నేర్పక్కర్లేదు. ఆవిడే ఉంచమంటుంది. కరెంటు బిల్లు సంగతే ఆవిడ మనసులో ఉంటే చిన్న ఎల్‌ఈడీ బల్బు మార్చు, అంతే. 6 దాటాక నక్షత్రం దించి, భోగికి ఆవిడ వెనకే తిరుగు. రోజంతా ఏడవడానికి ఇందులో ఏమీ లేదు. నాకైతే కింద ముగ్గూ పైన నక్షత్రమూ ఉన్న ఆ వాకిలి ఒకసారి చూడాలని ఉంది.

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా సముద్రం ఒడ్డు పల్లె. 2004 డిసెంబరు 26 ఆదివారం. పండగ మర్నాడు కాబట్టి వేటకు ఎవరూ పోలేదు. మా అన్నయ్య వలలు ఎండేసిన చోటికి వెళ్లాడు. మేము ప్రార్థనకు తయారవుతున్నాం. అల వచ్చింది. అన్నయ్య దొరకలేదు. అప్పటి నుంచి 26న మా అమ్మ పొయ్యి వెలిగించదు. నా పిల్లలు అప్పటికి పుట్టలేదు. ఈసారి మా చిన్నవాడు "దేవుడి పుట్టినరోజు మర్నాడే దేవుడు మామయ్యను ఎందుకు తీసుకుపోయాడు?" అని అడిగాడు. తీసుకుపోయాడని వాడికి చెప్పింది మా అమ్మే. నేను ఏం చెప్పను? పిల్లలు పండగ ఇంకా కావాలంటారు, అమ్మ అలా కూర్చుంటుంది. మధ్యలో నేను నలిగిపోతున్నాను.
— ఒక తల్లి

జవాబు: తల్లీ, మీ అమ్మ మాటను నేను తప్పుపట్టను. ఇరవై ఏళ్లు దాటినా తట్టుకోవడానికి ఆవిడకు ఆ ఒక్క మాటే దొరికింది. అది ఆవిడదిగా ఉండనివ్వు. పిల్లవాడికి మాత్రం ఇంకో జవాబు కావాలి, అది ఉంది కూడా.

ఆ రోజు ఉదయం ఆరున్నర ప్రాంతంలో ఇండోనేషియాలో సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలింది. అడుగు నేల ఒక్కసారిగా పైకి లేస్తే దాని మీద ఉన్న నీళ్లు కూడా లేస్తాయి. ఆ నీళ్లు మన ఒడ్డుకు చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. రెండు గంటలంటే ఎంతో వాడికి తెలిసేలా చెప్పు: మీ ఊరి నుంచి నెల్లూరు పోయి రావచ్చు. ఆ రెండు గంటల్లో ఒక్క కబురు అందితే మీ అన్నయ్య వలలు వదిలేసి వచ్చేవాడు. కబురు చెప్పే ఏర్పాటు అప్పటికి పసిఫిక్ సముద్రానికి ఉంది, మన సముద్రానికి లేదు. మన రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయారు. ఆ తరవాత, 2007లో, హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. ఇప్పుడు సముద్రం కింద భూమి పెద్దగా కదిలితే నిమిషాల్లో అక్కడ తెలుస్తుంది. మామయ్యను దేవుడు తీసుకుపోలేదు, చెప్పాల్సిన కబురు చెప్పే మనిషి లేక పోయాడు అని చెప్పు. వాడు తెలివైనవాడైతే ఆ కేంద్రంలో ఉద్యోగం చేస్తానంటాడు.

దేవుడి సంగతి కూడా అడుగుతాడు. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన మాట వస్తుంది. వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులా అని యేసు తనే అడిగి, కాదని తనే చెప్పాడు. మరి ఎందుకు పోయారో చెప్పలేదు. ఆయన చెప్పనిదాన్ని నువ్వు చెప్పాల్సిన పని లేదు. నేనూ చెప్పను.

పొయ్యి సంగతి. వెలిగించకపోవడం మీ అమ్మ ఇష్టం, అందులో ఎవరూ వేలు పెట్టవద్దు. 25న వండిన చేపల పులుసు మర్నాటికే రుచి, దాన్ని వేడి చేయాల్సిన అవసరం కూడా లేదు. అన్నం నీ ఇంట్లో వండి తీసుకువెళ్లు. పిల్లలు అమ్మమ్మ పక్కన కూర్చుని తినాలి, కేకు ముక్కలతో సహా. ఆవిడ ముందు నవ్వవద్దని వాళ్లను అదిలించకు. మీ అన్నయ్య ఏం పాటలు పాడేవాడు, ఎవరిని ఏడిపించేవాడు, పులుసులో ఏ ముక్క కోసం పోట్లాడేవాడు, ఇవి ఆవిడ చేత చెప్పించు. ఇప్పటిదాకా మీ వాడికి మామయ్య అంటే గోడ మీద ఫొటో, ఒక తేదీ. ఏడుస్తుందని భయపడి అడగడం మానకు. ఏడవనీ.

ప్రశ్న: మాది ఒంగోలు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి క్రిస్మస్ రోజు ఉదయం కూడా వచ్చి గిన్నెలు కడిగి వెళ్లింది. 26న మాత్రం చెప్పకుండా మానేసింది. అడిగితే పుట్టింటికి వెళ్లానంది. ఒకరోజు జీతం కోయవచ్చా?
— గృహిణి

జవాబు: ఆ అమ్మాయి పండగ రోజున మీ గిన్నెలు కడిగిందని మీరే రాశారు. మీకు వింతగా అనిపించలేదా?

ఇంగ్లండులో పెద్ద ఇళ్ల పనివాళ్లకూ ఇదే వరస. 25న యజమానుల పండగకు వండి వడ్డించేవారు. అందుకని 26న వాళ్లకు సెలవిచ్చి, ఒక పెట్టెలో బట్టలో, తినుబండారాలో, కాస్త డబ్బో పెట్టి పుట్టిళ్లకు పంపేవారు. అక్కడ ఇప్పటికీ 26 సెలవే. మీ అమ్మాయి తన వంతు పద్ధతి ప్రకారమే చేసింది. పెట్టె మీ వైపు బాకీ ఉంది. జీతం కోయకండి. సంక్రాంతికి ఇద్దామని తీసి ఉంచిన చీరతో సరిపెడదామని కూడా చూడకండి. అది సంక్రాంతి లెక్క, ఇది వేరే.